మైనం పోయిన డేరా

సబ్బుపొడి వాసన నాకు ఇప్పటికీ పడదు. ఇంట్లో బట్టలకు బార్ సబ్బే వాడతాను. ఎవరైనా కారణం అడిగితే చేతులు పగులుతాయని చెబుతాను. అసలు కారణం మా తమ్ముడు.

మా వైపు స్వామి నెలగా ఎంచే పెరటాసి ఇంకా దూరంగా ఉండగానే ఒక ఆదివారం చిత్తూరులో బస్సెక్కి ఐరాల దగ్గర మా ఊళ్లో దిగాను. నాయన పోయి ఏడాది నిండింది. ఏటి సూతకం ఉన్నన్నాళ్లూ మేము కొండ ఎక్కకూడదు, కాబట్టి కిందటి పెరటాసికి మా ఇంటి నుంచి ఎవరూ తిరుమలకు నడవలేదు. ఈసారి నడుస్తాం. నాయన డేరాను అటక మీద నుంచి దింపి, ఎండకు పెట్టి, మైనం రుద్దాలని బయల్దేరాను. సంచిలో మైనం ముద్ద, దబ్బనం, నూలు దారం ఉన్నాయి.

ఇంటి మలుపు తిరగ్గానే కంచె మీద ఆరేసి ఉన్న డేరా కనిపించింది. ముందు అది డేరా అని తెలియలేదు, ఎవరో పెళ్లి పందిరి గుడ్డ ఉతికి ఆరేశారనుకున్నాను. అంత తెల్లగా ఉంది. దగ్గరికి పోతే సబ్బుపొడి, పసుపు కలిసిన వాసన కొట్టింది.

ఆ డేరా గురించి ముందు చెప్పాలి. మా ఊరి భజన గోష్ఠి ఏటా పెరటాసిలో తిరుమలకు నడిచిపోతుంది. అందరికీ ముందు చిన్న తోపుడు బండి మీద స్వామి పటం కదులుతుంది. మిగతా ఊళ్ల వాళ్లు దారిలో బడి వరండాల్లోనో, కల్యాణ మంటపాల్లోనో దిగుతారు. మా నాయన ఒప్పుకోలేదు. స్వామి మనతో నడిచి వస్తున్నాడు, ఆయన ఇంకొకరి వరండాలో ఎందుకు పడుకోవాలి అనేవాడు. చిత్తూరులో పాత లారీ పట్ట కొన్నాడు. మందపాటి నూలు గుడ్డ. దాన్ని తానే కత్తిరించి, దబ్బనంతో తానే కుట్టాడు. కర్రలకు వెదురు కొట్టుకొచ్చాడు. సాయంత్రం మజిలీ చేరగానే మొదట ఆ డేరా లేవాలి. పేడనీళ్లు చల్లి, ముగ్గు వేసి, పటం లోపల పెట్టి హారతి ఇచ్చాకే ఎవరైనా గుక్కెడు నీళ్లు తాగేది. హారతి పొగ ఏటా తగిలి తగిలి డేరా నడినెత్తిన నల్లటి మసి గుండ్రంగా పట్టింది. చిన్నప్పుడు నేను వెల్లకిలా పడుకుని దాన్ని చూస్తూ నిద్రపోయేదాన్ని.

నూలు గుడ్డ వానకు ఆగదు. ఆగేట్టు చేసేది మైనం. కొండల నుంచి తేనె తెచ్చి అమ్మేవాళ్ల దగ్గర తేనెమైనం తీసుకుని, కొవ్వొత్తి ముక్కలతో కలిపి కరిగించి, అచ్చు పోసి, ఏటా ఎండలో పరిచిన డేరా మీద నాయన రుద్దేవాడు. ఎండకు అది గుడ్డలోకి ఇంకేది. ఏళ్ల తరబడి ఇంకిన మైనం అది. గుడ్డ తోలులా బరువుగా, గోధుమరంగుగా ఉండేది.

కంచె మీద ఉన్నది తేలికగా, తెల్లగా, గాలికి ఎగురుతూ ఉంది. నెత్తిన మసి లేదు.

తమ్ముడు లోపలి నుంచి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఏందిరా ఇది?" అన్నాను.

"శుద్ధి సేసినానక్కా. ఇద్దరు కూలోళ్లను పెట్టి తొట్టిలో తొక్కించి, బండకేసి బాదించినా. పసుపు నీళ్లు కూడా పోసినా. సూడు ఎట్లా అయిందో."

"మైనం యాడికి పోయింది?"

"యా మైనం?"

ఆ రెండు మాటలతో నాకు విషయమంతా తెలిసిపోయింది. నాయన పక్కన ఏళ్ల తరబడి నడిచాడు, గూటాలు కొట్టాడు, మోకులు లాగాడు. ఆ డేరా వానకు ఎందుకు ఆగుతుందో ఒక్కసారి కూడా అడగలేదు.

ఇంట్లోకి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి గుడ్డ మీద పోశాను. జల్లెడలో పోసినట్టు నీళ్లు నేరుగా కిందికి దిగాయి.

"పాతదయింది గదక్కా, కారతాది," అన్నాడు.

"పాతదయి కారలేదు, నువ్వు ఉతికి కారింది."

"మైల ఎట్లా పోతాది మరి? శవం మీద కట్టిన గుడ్డ అది. అట్లే కొండకి తీసకపొమ్మంటావా?"

అది నిజమే. నాయన పోయిన రోజు వాన. వాకిట్లో ఆయన్ను పడుకోబెట్టి పైన ఆ డేరానే కట్టారు. కట్టింది ఇంకెవరో కాదు, వీడే. షామియానా వాళ్లకు ఫోన్ చేస్తే వాన తగ్గాక వస్తామన్నారు. అప్పుడు అటక ఎక్కి డేరా దింపినవాడికి అది స్వామిదని గుర్తు రాలేదు. నేను ఆ రోజు ఏమీ అనలేదు. నాయన మీద చినుకు పడకూడదని నాకూ ఉండింది. డేరా ఒక్క చినుకు కూడా లోపలికి రానివ్వలేదు.

"గుడ్డకి నీళ్లే శుద్ధి," అన్నాను. "మంచినీళ్లు సల్లి, ఎండకి ఏసి, పుణ్యాహం సేయించింటే సాలు. గుడ్డలకి ఒక శుద్ధి, కంచుకి ఒక శుద్ధి, నేలకి ఒక శుద్ధి అని నాయన ఎన్నిసార్లు సెప్పినాడు. సబ్బుపొడి ఏ శాస్త్రంలో ఉండాది?"

"నువ్వు పురాణం సెప్తావు గాబట్టి నీకు అన్నీ తెలుసు," అన్నాడు. "నాకు మురికి తెలుస్తాది."

వాడు అలా అనడానికి కారణం ఉంది. నేను చిత్తూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. శనివారం సాయంత్రాలు ఊరికొచ్చి భజన మందిరంలో నాయన కూర్చున్న పీట మీద కూర్చుని పురాణం చదువుతాను. నాయన పోకముందే ఆ పీట నాకిచ్చాడు, యాత్ర పెద్దరికం వాడికిచ్చాడు. ఆడమనిషికి పీట ఏమిటని కొందరు గొణిగారు, ఇంకా గొణుగుతూనే ఉన్నారు. తమ్ముడు గొణగలేదు. కానీ నేను చదివేటప్పుడు వాడు ఎప్పుడూ తలుపు దగ్గరే, ఒక కాలు బయట పెట్టి కూర్చుంటాడు.

అప్పుడు జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు. నీలం రంగు టెంట్లు, బోర్లించిన గిన్నెల్లా ఉన్నాయి. సంచిలోంచి తీసి విదిలిస్తే చాలు, వాటంతట అవే లేస్తాయట. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆసామి ఒకాయన గోష్ఠికి ఇప్పిస్తున్నాడు. స్వామికి ఒక పెద్దది, మిగతావాళ్లకు చిన్నవి. పెద్దదాని మీద రెండు పక్కలా ఆసామి పేరు అచ్చు వేయిస్తారు.

"స్వామి పేరు యాడ ఉంటాది?" అన్నాను.

"లోపల స్వామే ఉంటాడు గదా, పేరెందుకు?"

"మరి ఇది?"

"మామిడికాయల కుప్ప మీద కప్పడానికి పనికొస్తాది," అన్నాడు.

మా మేనత్త గుమ్మంలో కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నాయన చెల్లెలు, ఆ ఇంట్లోనే ఉంటుంది. తల ఎత్తకుండా తమ్ముడితో అంది: "మీ నాయన బతికింటే నిన్ను గూడా ఆ తొట్టిలోనే ఏసి తొక్కించి ఉండు. తెల్లగా ఐతావేమోనని."

తమ్ముడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ శనివారం భజన అయ్యాక విషయం గోష్ఠి ముందుకు వచ్చింది. నేనే తెచ్చాను. ఈ పెరటాసికి స్వామి ఏ డేరాలో దిగాలి? అంతే ప్రశ్న. కొందరికి అది అక్కాతమ్ముళ్ల తగువు. నాకు అది నాయన స్వామికి కట్టిన ఇల్లు. ఈ ఒక్క ఏడు స్వామి అందులో దిగకపోతే ఇక ఎప్పటికీ దిగడు. ఒకసారి కాయల కుప్ప మీద గుడ్డగా మారినదాన్ని మళ్లీ ఎవరూ గర్భగుడి చేయరు.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. వాడు మాట్లాడేది తక్కువ, అయినా ఆ రోజు తయారై వచ్చాడు.

"సినిగిన గుడ్డ, కాలిన గుడ్డ, అతుకేసిన గుడ్డ దేవుడి పనికి రావని సెప్పింది నాయనే. ఈడుండే వాళ్లంతా ఇన్నారు. ఆ డేరాలో యాడ పట్టినా అతుకే. ఇప్పుడు కారతాది గూడా. దాంట్లో స్వామిని పెడతామా?"

"ఆ మాట మడిబట్టలకి సెప్పినాడు," అన్నాను. "డేరా అంటేనే కుట్టింది. నువ్వు తెప్పించేది గూడా మిషన్ మీద కుట్టిందే."

"కొత్తది ఒకటే గుడ్డ మాదిరి ఉంటాదక్కా. అతుకు కనపడదు."

"కనపడకపోతే అతుకు కాదా?"

వెనక ఎవరో నవ్వారు. తమ్ముడికి కోపం వచ్చింది. "సరే, ఇంగో మాట అడుగుతా. ఇగ్రహం భిన్నమైతే ఏం జేస్తారు? నీళ్లలో వదిలేస్తారు గదా. ఎంత మహిమ గలదైనా వదిలేస్తారు. పాతది వదిలెయ్యడం పాపమైతే శాస్త్రమే ఆ మాట ఎందుకు సెప్తాది?"

మంచి ప్రశ్న. నాయన వింటే మెచ్చుకునేవాడని ఆ కోపంలోనూ నాకు అనిపించింది. తలుపు దగ్గర ఒక కాలు బయట పెట్టి కూర్చున్నా, విన్నాడన్నమాట.

"డేరా ఇగ్రహం కాదురా," అన్నాను. "అది ఆయన ఇల్లు. గుడి జీర్ణమైతే ఏం జేస్తారు? బాలాలయం కట్టి స్వామిని కొన్నాళ్లు ఆడ పెడతారు. గుడికి మరమ్మతు సేసి, మళ్లా తెచ్చి పెడతారు. గోడ పగిలిందని గుడిని నీళ్లలో వదిలేసినోళ్లను నేను సూడలా. నువ్వు సూసినావా?"

ఒకరిద్దరు తలలూపారు. గోష్ఠి నా వైపు ఉందనుకున్నాను. కానీ గోష్ఠిలో పెద్దలు కొందరు ఫ్యాక్టరీకి కాయలు తోలేవాళ్లు. ఆసామి మాట తీసేయడం వాళ్లకు కష్టం. చివరికి మధ్యేమార్గం ఒకటి తేల్చారు. స్వామి కొత్త టెంట్లో దిగుతాడు. నాయన డేరా కూడా వస్తుంది, కూరగాయల బస్తాలు, వంట పాత్రలు దాంట్లో పెట్టుకోవచ్చు. అక్కయ్యగారు బాధపడకూడదు అన్నారు.

మధ్యేమార్గాల మీద నాకు గౌరవం లేదు. రెండు పక్షాల్లో ఒకటి తప్పయినప్పుడు మధ్యలో నిలబడితే సగం తప్పే మిగులుతుంది. అయినా ఒప్పుకున్నాను. డేరా కుప్ప మీదికి పోకుండా దారి మీదికైనా వస్తే చాలనుకున్నాను.

దాన్ని చిత్తూరుకు తెచ్చుకున్నాను. నేను అద్దెకున్న ఇంటి మిద్దె మీద పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాను. కింది వాటాలోంచి ఇంటి ఓనరమ్మ పైకొచ్చి చూసింది.

"ఏం టీచరమ్మా, సర్కస్ కంపెనీ పెడతా ఉండారా?"

"పెడతా ఉండాం. పులి కావల్ల, మీరొస్తారా?" అన్నాను.

ఆమె మళ్లీ పైకి రాలేదు. ఆ రోజుల్లో నాతో మాట్లాడి బాగుపడినవాళ్లు లేరు.

తొక్కిన చోట కుట్లు తెగాయి. వాటిని విప్పి, పాత రంధ్రాల్లోంచే దబ్బనం దూర్చి మళ్లీ కుట్టాను. కొత్త రంధ్రాలు చేస్తే గుడ్డ అక్కడే చినుగుతుంది. బండకేసి బాదిన చోట చిల్లులు పడ్డాయి. వాటికి అతుకులు వేశాను. అతుకు మూలలు గుండ్రంగా కత్తిరించాలి. కోసుగా వదిలితే ఆ మూల గాలికి ముందు లేస్తుంది. మోకు దూర్చే ఇత్తడి రింగులు రెండుచోట్ల ఊడిపోయాయి. నాయన అలాంటప్పుడు గుడ్డ లోపల నున్నటి గులకరాయి పెట్టి, బయట నుంచి మూట కట్టినట్టు రాయి మెడకు మోకు బిగించేవాడు. ఎంత లాగినా జారదు. అదే చేశాను. తర్వాత మైనం. ముద్దతో గుడ్డ మీద బలంగా రుద్ది, ఎండ చాలని చోట ఇస్త్రీ పెట్టె ఆనించి కరిగించాను. బడి లేని రోజులన్నీ దానికే పోయాయి. అరచేతులు మెరిసేవి. అన్నం తింటే మైనం రుచి వచ్చేది.

రుద్దుతున్నంతసేపూ నామం చెప్పుకుంటూ చేద్దామనుకునేదాన్ని. గోవింద నామం మొదలుపెట్టి, నాలుగు వరసలు కాకముందే తమ్ముడితో వాదులాటలోకి దిగేదాన్ని. వాడు లేని చోట వాడికి జవాబులు చెప్పేదాన్ని. ఈ కాలం జనం మీద కూడా పడేదాన్ని. మెట్ల మార్గం మొదట్లో ప్రతి పెరటాసికీ చూస్తున్నాను. తెగిన చెప్పులు, ఒక్క మజిలీకే విరిగిన టెంటు పుల్లలు, జిప్పు చెడిన సంచులు, వానకు కప్పుకుని విప్పేసిన ప్లాస్టిక్ పట్టలు. స్వామి పాదాల దగ్గరికి పోతూ దారి పొడుగునా వాడి పారేసినవి వదిలి, పైకి పోయి వైరాగ్యం ఇమ్మని అడుగుతారు. వాళ్లు పారేసేది వైరాగ్యం వల్ల కాదు, ఇంకొకటి దొరుకుతుందనే ధీమా వల్ల. ఆ రెండింటికీ తేడా తెలియనివాడు కొండ ఎన్నిసార్లు ఎక్కినా మోకాళ్ల నొప్పే మిగులుతుంది.

చివర్లో చెంబు నీళ్లు పోశాను. నీళ్లు ముత్యాల్లా జారి ఇటుకల మీద పడ్డాయి.

పెరటాసి రెండో శనివారానికి కొండ చేరేట్టు బయల్దేరాం. తమ్ముడు ముందు, స్వామి బండి పక్కన. నేను వెనక, కూరగాయల బండి పక్కన. మొదటి సాయంత్రం మజిలీలో నీలం టెంటు నిజంగానే విదిలిస్తే లేచింది. అందరూ గోవింద కొట్టారు. ఆసామికి పంపడానికి ఫొటోలు తీశారు. ఆయన పేరు దూరానికి కూడా బాగా కనిపించింది. నేను వెనక డేరా కట్టి, లోపల గుమ్మడికాయలు, బియ్యం బస్తాలు సర్దాను. అత్త వాటి మధ్య చాప పరుచుకుని నడుం వాల్చింది.

"గుమ్మడికాయ గూడా స్వామేలే మే," అంది. "ముఖం అట్లా పెట్టుకోబాకు."

ఆ రోజు ఆకాశం తేటగా ఉంది. వాన రావాలని నేను మొక్కలేదు. మొక్కాలనిపించలేదని మాత్రం అనను.

మర్నాడు సాయంత్రానికి చంద్రగిరికి కొంత ఇవతల, రోడ్డు పక్క మామిడి తోపులో దిగాం. పడమటి నుంచి గాలి ఎత్తుకుంది. మబ్బు కిందికి దిగింది. నీలం టెంటు లేపి పటం లోపల పెట్టారు. బయట హారతి వెలిగిస్తే గాలికి ఆరిపోతోంది. రెండు మూడుసార్లు ఆరింది. హారతి ఆరడం తమ్ముడికి అపశకునంగా తోచింది. పళ్లెం తీసుకుని లోపలికి పోయి జిప్పు మూసి, లోపలే కర్పూరం వెలిగించాడు. నాయన కూడా హారతి లోపలే ఇచ్చేవాడు గదా. నాయన ఇచ్చింది నూలు డేరాలో. దానికి మసి పట్టేది, అంతే.

బయట నిలబడి మేము గోవింద కొడుతున్నాం. నీలం గుడ్డ మీద లోపలి వెలుగు పైకి లేవడం కనిపించింది. తర్వాత వెలుగు పక్కన గుడ్డ ముడుచుకుని, నీళ్లలా కరిగి, గుండ్రంగా తెరుచుకుంది. ఆసామి పేరు మధ్యలో పళ్లెమంత చిల్లు. అందులోంచి కర్పూరం మంట నేరుగా కనిపించింది. కాలిన ప్లాస్టిక్ వాసన తోపంతా నిండింది.

జిప్పు ఇరుక్కుంది. బయట నుంచి ఇద్దరు లాగితే ఊడింది. తమ్ముడు పటాన్ని గుండెకు హత్తుకుని బయటికొచ్చాడు. మణికట్టు మీద నీలం చుక్క ఒకటి కరిగి అంటుకుని ఉంది. పటానికి ఏమీ కాలేదు. దండ మీద కొంచెం మసి. అంతలో చినుకు మొదలైంది.

అందరూ నా డేరా వైపు చూశారు. తమ్ముడు చూడలేదు. కానీ నడిచింది ఇటే.

నేను డేరా వాకిట్లో నిలబడ్డాను. కదల్లేదు.

"రే," అన్నాను. "ఇది శవం మీద కట్టిన గుడ్డ గదా. స్వామికి పనికొస్తాదా? సెప్పు."

వాడు పటాన్ని ఇంకా దగ్గరికి హత్తుకున్నాడు.

"గోష్ఠి అంతా ఉండారు. అతుకులుండాయి, సూసుకో. నేనే ఏసినా. అతుకేసిన గుడ్డ దేవుడి పనికి వస్తాదా రాదా?"

"పక్కకి జరుగక్కా."

"జరుగుతా. సెప్పినాక జరుగుతా."

"తడస్తా ఉండాది."

"ఒక్క మాట సెప్పేదానికి ఎంతసేపు పడతాది?"

వాడి ముఖం నాయన ముఖంలాగే ఉంటుంది, కోపంలో మరీనూ. పెదవులు బిగించి నన్నే చూస్తున్నాడు. వాడూ కదలడు, నేనూ కదలను. చినుకులు పెద్దవయ్యాయి. పటం అద్దం మీద నీళ్లు గీతలు గీతలుగా దిగాయి. స్వామి నామం మీదుగా, కళ్ల మీదుగా ఒక గీత జారింది.

"మీ పంతాలకి స్వామిని తడుపుతారా?" అని లోపలి నుంచి అత్త అరిచింది. "ఇద్దరూ ఒకే కడుపున ఎట్లా పుట్టినార్రా. దారి ఇడువు మే, ముందు."

నాకు జవాబు కావాలి. దానికోసమే ఎండలో మిద్దె మీద ఆ పనంతా చేశాను. ఇంకొక్క క్షణం నిలబడితే వాడు చెప్పేవాడేమో. చెప్పేవాడు కాదేమో. కానీ నా ఎదురుగా స్వామి తడుస్తున్నాడు. పీట మీద కూర్చుని స్వామికి చలేస్తుందని, ఆకలేస్తుందని, నిద్ర వస్తుందని అందరికీ చెప్పేదాన్ని నేను. అది నమ్మి చెప్పాను. నమ్మినదాన్ని కాబట్టి నిలబడలేకపోయాను. పక్కకు తప్పుకున్నాను.

వాడు నన్ను దాటి లోపలికి పోయాడు. గుమ్మడికాయలు బయటికి దొర్లించారు. పేడనీళ్లు, ముగ్గు వేసే వ్యవధి లేదు. బియ్యం బస్తా మీద తెల్ల పంచె పరిచి పటం పెట్టారు. తమ్ముడు తడిచేత్తోనే కర్పూరం వెలిగించాడు. వాన బాగా పట్టుకుంది. నా తల పైన గుడ్డ మీద వాన చప్పుడు, పెనం మీద గింజలు వేయించినట్టు. లోపలికి మాత్రం రాలేదు. ఒక్కచోట తప్ప. వెనక కుట్టు దగ్గర ఒక చుక్క ఊరి, వేలాడి, తమ్ముడి భుజం మీద పడింది. ఇంకొకటి పడింది. వాడు జరగలేదు, పైకి చూడలేదు. ఆ కుట్టు ఏదో నేను గుర్తు పెట్టుకున్నాను.

మర్నాడు కొండ ఎక్కాం. మెట్ల మీద వాడు ముందు, నేను వెనక. దర్శనంలో కూడా మాట్లాడుకోలేదు. నా పక్కన నిలబడి వాడు ఏం మొక్కుకున్నాడో నాకు తెలియదు. నేను ఏం మొక్కుకున్నానో చెప్పను.

నీలం టెంటును తోపు కంచె మీద వదిలేసి వస్తుంటే నేనే మడిచి తెచ్చాను. కాలిన గుడ్డ స్వామికి పనికిరాదు, వాడి మాట ప్రకారమే. మనుషులకు పనికొస్తుంది. అలాంటి గుడ్డకు నూలు అతుకు నిలవదు. అది పెట్టుకోవడానికి ఇచ్చిన సంచి కూడా అదే గుడ్డ. దాన్ని కోసి, గుండ్రంగా అతుకు వేసి, సన్నకుట్టు కుట్టాను. జిప్పు పళ్లు సర్దాను. అతుకు కింద ఆసామి పేరు సగం పోయింది. చిల్లు అక్కడ పడింది, నేనేం చేయను. ఊరికెళ్లే బస్సులో ఒకరికిచ్చి తమ్ముడికి పంపాను. అందిందని కూడా చెప్పలేదు. మామిడికాయలకు కాపలా పడుకోవడానికి అదే వాడుతున్నాడని అత్త ఫోన్లో చెప్పింది.

శనివారాలు పురాణానికి పోతూనే ఉన్నాను. వాడు తలుపు దగ్గరే కూర్చుంటున్నాడు. ఇద్దరి మధ్యా మాటలు లేవు. సర్దిచెప్పడానికి వచ్చినవాళ్లందరూ పాత డేరా గెలిచింది గదా, ఇంకేం కావాలి అంటారు. అది గెలుపు కాదు. వాన వచ్చింది కాబట్టి వాడు తప్పించుకున్నాడు.

డేరా ఇప్పుడు మా ఇంట్లో, మంచం కింద ఉంది. మొన్న ఎండకు వేసినప్పుడు చూశాను. నడినెత్తిన, తెల్లబడిన గుడ్డ మీద, మసి చుక్క ఒకటి పట్టింది. పావలా బిళ్లంత. తమ్ముడు ఇచ్చిన హారతిది. దాన్ని తుడవలేదు. వెనక కుట్టుకు మాత్రం మైనం రెండుసార్లు పట్టించాను.

వచ్చే పెరటాసికి నేనే ముందు మజిలీ చేరతాను. డేరా కట్టి, ముగ్గు వేసి, పటాన్ని లోపల పెట్టిస్తాను. ఆ తర్వాత తమ్ముణ్ణి పిలిచి, స్వామి తడవని చోట నిలబెట్టి, అదే మాట మళ్లీ అడుగుతాను.